నెలకు ఇంతేనని గీత గీసుకుని ఆన్‌లైన్ కాసినో ఆడితే ఆ గీత నిలుస్తుందా?

నిదానం:

మూడేళ్ళుగా ఆన్‌లైన్ కాసినోలో ఆడుతున్నాను. గెలిచి బాగుపడదామని కాదు, ఆదివారం సాయంత్రం కాస్త ఉత్సాహంగా గడుస్తుందని. ఈ మూడేళ్ళూ ఒక పద్ధతి పాటిస్తూ వచ్చాను కనుక దాన్ని ఇక్కడ పెట్టి, అది పద్ధతేనా లేక నన్ను నేను మభ్యపెట్టుకోవడమా అన్నది నలుగురి నోటా వినాలనుకుంటున్నాను. ఈ ఆటలంటేనే మండిపడే మిత్రుడొకరు ‘జూదానికి బడ్జెట్ ఏమిటయ్యా, వరదకు కొలపాత్ర పెట్టినట్టు’ అన్నారు. ఆ మాట నాకు నచ్చలేదు గాని, తేలిగ్గా కొట్టిపారేయలేకపోతున్నాను.

నెల మొదట్లో, ఖర్చులన్నీ పోగా మిగిలినదాంట్లోంచి ఒక మొత్తం తీసి విడిగా ఒక వ్యాలెట్‌లో వేస్తాను. దాన్ని 200 యూనిట్లు అనుకుంటాను. యూనిట్ అంటే ఎంత అన్నది ఎవరి స్తోమత వారిది. వారానికి 50 యూనిట్లకు మించి ఆటలోకి తీసుకెళ్ళను, స్లాట్‌లో (బొమ్మల చక్రాలు తిరిగే ఆట) ఒక స్పిన్‌కు, అంటే ఒకసారి తిప్పడానికి, 1 యూనిట్‌కు మించి కాయను, ఫోన్‌లో 45 నిమిషాలకు అలారం పెడతాను. ఆట ముగిశాక ఒక నోటుపుస్తకంలో తేదీ, తీసుకెళ్ళినది, మిగిలినది, ఏ స్థితిలో ఆపాను అని నాలుగు గడులు నింపుతాను. చాలా నెలలు గీత దాటలేదు. సినిమాకో విహారానికో డబ్బు కేటాయించుకునే మనిషి ఆటకు కేటాయించుకుంటే తప్పేమిటన్నది నా వాదన. ఒప్పుకోనివారు ఎందుకు ఒప్పుకోరో చెప్పండి.

లెక్కలపంతులు:

నిదానం గారు, మీ పద్ధతిలో మెచ్చుకోదగినవి ఉన్నాయి. అయితే మీ పుస్తకంలో అన్నిటికన్నా ముఖ్యమైన గడి లేదు. తీసుకెళ్ళినది రాశారు, మిగిలినది రాశారు, మధ్యలో మొత్తం ఎంత పందెం కాశారో రాయలేదు. కాసినో తన వాటా తీసుకునేది మీరు తెచ్చిన 50 మీద కాదు, తిరిగి తిరిగి కాసిన మొత్తం మీద, అంటే టర్నోవర్ మీద.

స్లాట్ వివరాల పేజీలో ఆర్‌టీపీ 96 శాతం అని కనిపిస్తే, నూరు యూనిట్లు తెచ్చినవాడు తొంభై ఆరు తీసుకెళ్తాడని చాలామంది అనుకుంటారు. ఆ అంకె చెప్పేది వేరు: కాసిన ప్రతి నూరు యూనిట్లలో సగటున 96 తిరిగి వస్తాయి, ఆ 96నూ మళ్ళీ కాస్తే అందులోంచి మళ్ళీ నూటికి 4 తరుగు. నిమిషానికి 10 స్పిన్ల చొప్పున గంటకు 600, స్పిన్‌కు 1 యూనిట్ అంటే గంటలో 600 యూనిట్ల పందెం నడుస్తుంది, దాని మీద 4 శాతం 24 యూనిట్లు. మీ 45 నిమిషాలకు 450 స్పిన్లు, అంటే 18 యూనిట్లు. నెలకు నాలుగు వారాల పైచిలుకు లెక్కన సుమారు 77. ఇది సగటు మాత్రమేనని వేరే చెప్పనక్కరలేదు. ఒక్కొక్క సాయంత్రం దీనికి ఎటువైపైనా చాలా దూరం పోవచ్చు.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. ఒకే స్లాట్‌ను తయారీదారు రెండు మూడు ఆర్‌టీపీలతో ఇస్తాడు, ఏది పెట్టుకోవాలన్నది సైటు ఇష్టం. ఒకచోట 96, మరోచోట 92 ఉంటే, పేరు అదే, బొమ్మలు అవే, ‘నాలుగు శాతమే కదా తేడా’ అనిపిస్తుంది. కాసినో వాటా 4 నుంచి 8కి పోయింది, రెట్టింపైంది. ఒక సైటు నుంచి మరో సైటుకు మారిన ఆటగాడి బడ్జెట్ సగం కాలానికే ఖాళీ కావడం వెనుక దురదృష్టం ఉండకపోవచ్చు, ఈ అంకె ఉండవచ్చు.

ఏ ఆట ఆడుతున్నారన్నదాన్ని బట్టి కూడా బడ్జెట్ బ్రతుకుతుంది. రౌలెట్ అంటే అంకెల చక్రం మీద గోళీ ఏ గడిలో ఆగుతుందో పందెం కాసే ఆట. ఒకే సున్నా ఉన్న చక్రంలో 37 గడులు, కాసినో వాటా 2.7 శాతం, రెండు సున్నాల చక్రంలో 38 గడులు, వాటా 5.26 శాతం. బ్యాకరా అనే పేకాటలో బ్యాంకర్ పక్షం మీద కాస్తే 1.06 శాతం, టై మీద, అంటే రెండు పక్షాలూ సమమవుతాయని కాస్తే 14 శాతం దాటుతుంది, అదీ ఒకే బల్ల మీద. బ్లాక్‌జాక్ పేకాటను, ఏ ముక్కలకు ఏం చేయాలో చెప్పే పట్టిక ప్రకారం తప్పు లేకుండా, మంచి నియమాలున్న బల్ల మీద ఆడితే వాటా అర శాతం దగ్గరకు వస్తుంది; గంటకు 200 ఆటలు, ఆటకు 1 యూనిట్ అనుకున్నా సగటు ఖర్చు 1 యూనిట్. అదే గంటకు స్లాట్‌లో 24. కనుక ‘నేను చిన్న పందేలే కాస్తాను’ అనే మాట ఒంటరిగా ఏమీ చెప్పదు. ఎంత వేగంగా, ఏ వాటా మీద అన్నవి కూడా చెబితేనే అది బడ్జెట్ అవుతుంది.

మెట్లదారి:

పంతులుగారి లెక్క ఒక పందెం తర్వాత ఇంకొకటి కళ్ళు మూసుకుని కాసేవారికి వర్తిస్తుంది. నేను రౌలెట్‌లో ఎరుపు మీద 1 యూనిట్‌తో మొదలుపెట్టి, పోతే 2, పోతే 4, అలా రెట్టింపు చేస్తూ వెళ్తాను. ఎప్పుడో ఒకప్పుడు ఎరుపు రాక తప్పదు, వచ్చినప్పుడు పోయినదంతా తిరిగొచ్చి 1 యూనిట్ మిగులుతుంది. రోజుకు 10 యూనిట్లు రాగానే లేచిపోతాను. నాలుగు నెలల్లో రెండు రోజులు తప్ప అన్ని రోజులూ లాభమే. బడ్జెట్ అంటే ఎంత పోగొట్టుకోవాలో నిర్ణయించుకోవడం కాదు, ఎంత రాగానే ఆపాలో నిర్ణయించుకోవడం.

లెక్కలపంతులు:

ఆ రెండు రోజుల్లో ఎంత పోయిందో కూడా చెబితే చర్చ ఇక్కడే ముగిసేది.

మెట్ల పద్ధతిలో వరుసగా 7 సార్లు ఓడితే అప్పటికి పోయినవి 127 యూనిట్లు. ఎనిమిదో పందానికి 128 కావాలి, అది గెలిచినా దక్కే లాభం ఒక్క యూనిట్. ఒకే సున్నా చక్రంలో ఏడు వరుస ఓటములు రావడానికి అవకాశం సుమారు 106లో ఒకటి. అరుదే అనిపిస్తుంది. కాని 200 స్పిన్లు తిప్పితే ఆ వరుస కనీసం ఒకసారి ఎదురయ్యే అవకాశం సగం కంటే ఎక్కువ. బల్లకు గరిష్ఠ పందెం ఉంటుంది, మన చేతిలోని డబ్బుకూ గరిష్ఠం ఉంటుంది. ‘ఎప్పుడో ఒకప్పుడు’ అనే మాటకు మాత్రమే గరిష్ఠం లేదు. 1913 ఆగస్టు 18న మాంటే కార్లో కాసినోలో ఒక బల్ల మీద వరుసగా 26 సార్లు నలుపు పడింది, ఇక ఎరుపు రాక తప్పదని ఎదురు కాసినవారు నిలువునా మునిగారు. చక్రానికి జ్ఞాపకం లేదు.

మీ పద్ధతి ఎక్కువ రోజులు గెలిచినట్టు చూపిస్తుంది, అది అబద్ధం కాదు. చిన్న చిన్న గెలుపులు చాలా ఇచ్చి, ఒకే ఒక ఓటమిలో వాటన్నిటినీ తీసుకుపోతుంది. నెలాఖరున గెలిచిన రోజులెన్ని అని లెక్కపెట్టుకునేవారికి అది లాభంగానే కనిపిస్తుంది.

ఊరికేచదివేవాడు:

ఒక చిన్న సందేహం. పందెం ఎంత చిన్నదైతే అంత క్షేమమనే కదా అందరూ చెబుతారు. అది కూడా తప్పేనా?

లెక్కలపంతులు:

దేనికి క్షేమం అన్నదాన్ని బట్టి ఉంటుంది. చేతిలో 20 యూనిట్లు ఉన్నాయి, రౌలెట్‌లో ఎరుపు నలుపుల మీదే ఆడుతూ దాన్ని 40 చేసుకోవాలనుకుందాం. మొత్తం 20నీ ఒకే పందెంగా కాస్తే అవకాశం 48.6 శాతం. ఒక్కొక్క యూనిట్ చొప్పున 40 అయ్యేదాకానో సున్నా అయ్యేదాకానో ఆడుతూ పోతే అవకాశం దాదాపు 25 శాతానికి పడిపోతుంది, ఎందుకంటే ప్రతి చిన్న పందెం మీదా కాసినో తన తరుగు తీసుకుంటూనే ఉంటుంది. చిన్న పందెం సమయాన్ని కొంటుంది, గెలుపును కొనదు. నిదానం గారు సమయం కోసమే ఆడుతున్నామంటున్నారు కనుక ఆయనకు చిన్న పందెమే సరైనది. ‘మెల్లగా ఆడుతూ పైకి తెచ్చుకుందాం’ అనుకునేవారికి అది పూర్తిగా వ్యతిరేక దిశ.

పందెం పరిమాణానికి పేరున్న కెల్లీ సూత్రం ఒకటుంది, 1956 నాటిది. ఆటలో మనకు మొగ్గు ఉంటే చేతిలోని సొమ్ములో ఎంత భాగం కాయాలో చెబుతుంది. మొగ్గు ఎదుటివాడిదైతే ఎంత కాయాలో కూడా చెబుతుంది: సున్నా.

వానచినుకు:

పంతులుగారి లెక్కల్లో నాకు ఒక్క అంకెతోనూ పేచీ లేదు. ఈ లెక్కలన్నీ నాకు నేను ఆడిన రోజుల్లోనే తెలుసు, అయినా మునిగాను. అందుకే నిదానం గారి ప్రశ్నకు నా జవాబు వేరే వైపు నుంచి వస్తుంది.

ఒక రాత్రి సంగతి చెబుతాను. పదకొండున్నర ప్రాంతంలో నా ఖాతాలో 300 యూనిట్లు ఉన్నాయి, అందులో 250 గెలిచినవి. ఎంతో బుద్ధిమంతుడిలా మొత్తం విత్‌డ్రా నొక్కాను. తెరమీద ‘పరిశీలనలో ఉంది’ అని పసుపు అక్షరాలు, వాటి పక్కనే ‘రద్దు చేయండి’ అనే బటన్ కనిపించాయి. డబ్బు నాదే, కాని నా చేతిలో లేదు. వాళ్ళ చేతిలోనూ లేదు. ఆ బటన్ కింద ఉంది. పడుకున్నాను. ఒంటిగంటకు మెలకువ వచ్చి, 40 మాత్రం రద్దు చేసి ఆడదామనుకున్నాను. ఆ 40 పోయాయి. పోయిన చోటే వెతుక్కోవాలని మనవాళ్ళు ఊరికే అనలేదు గాని, ఆ మాట పోయిన ఉంగరం గురించి చెప్పినది. నేను దాన్ని డబ్బుకు అన్వయించుకుని ఇంకో 60 రద్దు చేశాను. రెండింటికి పందెం 1 యూనిట్ నుంచి 5కు పెరిగింది, పెంచినట్టు నాకు గుర్తు కూడా లేదు. మూడున్నరకు అదే పేజీలో ‘విత్‌డ్రా అభ్యర్థనలు ఏవీ లేవు’ అని వచ్చింది.

మర్నాడు పొద్దున కూర్చుని బడ్జెట్ వేసుకున్నాను, చాలా చక్కగా. ఆ బడ్జెట్ వేసిన మనిషి, రాత్రి ఒంటిగంటకు లేచిన మనిషి వేరువేరు. పొద్దుటివాడు గీసిన గీతను చెరిపే అధికారం రాత్రివాడికే ఉన్నప్పుడు దాన్ని గీత అనడం దొంగ చేతికి తాళం ఇచ్చి కాపలా పెట్టామనుకోవడమే. నిదానం గారి వ్యాలెట్, అలారం, నోటుపుస్తకం మూడూ ఆయన చేతిలోనే ఉన్నాయి. అలారం మోగినప్పుడు దాన్ని నొక్కి ఆపే వేలు, స్పిన్ నొక్కే వేలు ఒకటే.

తెరవెనుక:

నేను రెండేళ్ళు ఒక ఆపరేటర్ వద్ద కస్టమర్ సపోర్ట్‌లో పనిచేశాను, పేరు అనవసరం. వానచినుకు గారు చెప్పిన రద్దు బటన్ అనుకోకుండా అక్కడ ఉన్నది కాదు. బ్రిటన్‌లో నియంత్రణ సంస్థ 2021 నుంచి ఆ సదుపాయాన్ని నిషేధించిందంటేనే అది ఎవరికి సదుపాయమో అర్థమవుతుంది. అదే ఏడాది అక్కడ ఆన్‌లైన్ స్లాట్లలో ఆటోప్లే (నొక్కకుండానే స్పిన్లు వాటంతటవే తిరిగే సదుపాయం) తీసేశారు, ఒక స్పిన్‌కు కనీసం 2.5 సెకన్లు పట్టాలన్నారు, 1 యూనిట్ కాస్తే 0.4 తిరిగొచ్చినప్పుడు గెలిచినట్టు దీపాలు, సంగీతం మోగించడం కూడదన్నారు. ఈ చివరిది చిన్న విషయంగా కనిపిస్తుంది గాని, బడ్జెట్‌కు ఇదే పెద్ద చెద. ఆటగాడికి సాయంత్రమంతా మోగిన గెలుపులే గుర్తుంటాయి, వాటిలో చాలా నిజానికి ఓటములని తెలియదు. ‘బాగానే ఆడాను, ఎలా అయిపోయాయో’ అంటారు. ఆ మాటను చాట్‌లో నేను ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు.

లిమిట్ల విషయంలో జనానికి ఉన్న గందరగోళం కూడా చెప్పాలి. డిపాజిట్ లిమిట్ అంటే ఖాతాలోకి వచ్చే డబ్బుకు కట్ట. ఓటమి లిమిట్ అంటే పందేల్లో పోయినదాంట్లోంచి గెలిచినది తీసేయగా మిగిలిన నష్టానికి కట్ట. ఇప్పటికే ఖాతాలో 500 యూనిట్లున్న మనిషి వారానికి 50 డిపాజిట్ లిమిట్ పెట్టుకుని నిశ్చింతగా కూర్చుంటే, ఆ రాత్రికి రాత్రే 500 పోగొట్టుకోవడాన్ని ఆ లిమిట్ ఆపదు. విత్‌డ్రా చేయకుండా ఖాతాలో గెలుపును నిల్వ ఉంచుకునేవారికి డిపాజిట్ లిమిట్ ఉన్నా లేనట్టే. సక్రమమైన సైట్లలో లిమిట్ తగ్గిస్తే వెంటనే అమలవుతుంది, పెంచమంటే ఆగాలి. బ్రిటన్‌లో ఆ ఆగడం 24 గంటలు. ఆ 24 గంటలే వానచినుకు గారు అడుగుతున్న తాళం.

కాని ఆ తాళం ఒక్క తలుపుకే. ఒక సైటులో లిమిట్ నిండితే ఇంకో సైటు తెరుచుకుని ఉంటుంది. అందుకే జర్మనీలో 2021 జూలై నుంచి లైసెన్సున్న సైట్లన్నిటికీ కలిపి ఒక మనిషికి నెలకు 1,000 యూరోల డిపాజిట్ పరిమితిని సాధారణ నియమంగా పెట్టారు, స్లాట్‌లో స్పిన్‌కు గరిష్ఠం 1 యూరో, ఒక్కొక్క స్పిన్‌కు సగటున కనీసం 5 సెకన్లు. స్వీడన్‌లో 2019 జనవరి నుంచి, ఇక ఆడనని ఒకే చోట నమోదు చేసుకుంటే ఆ మనిషికి లైసెన్సున్న సైట్లన్నీ మూతపడతాయి. నన్ను అడిగితే దారి ఇదే: గీతను ఆటగాడి ఇష్టానికి వదిలేయకుండా ముందే గీసి ఇవ్వడం.

నిదానం:

తెరవెనుక గారు, ఇక్కడ నేను మీతో గట్టిగా విభేదిస్తాను. నాలాగా వారానికి ఒకసారి ఆడి లేచిపోయేవారు ఎందరో ఉంటారు. కొందరు జారిపడతారని అందరి కాళ్ళకూ బంధం వేయడం సరి కాదు. పైగా మీరు చెప్పిన నియమాలన్నీ లైసెన్సున్న సైట్లకే పనిచేస్తాయి. 1 యూరో పరిమితి నచ్చనివాడు లైసెన్సు లేని సైటుకు పోతే అక్కడ లిమిట్ లేదు, రద్దు బటన్ ఉంటుంది, గెలిచిన డబ్బు ఇస్తారన్న నమ్మకం కూడా లేదు. అతణ్ని మనమే గట్టు దాటించి నదిలోకి పంపినట్టవుతుంది.

తెరవెనుక:

ఆ ప్రమాదం ఉంది, కాదనను. నియమం ఎంత బిగిస్తే ఎందరు బయటికి పోతారన్నది నిపుణులే తేల్చుకోలేక కొట్టుకుంటున్నారు. అయితే ఒకటి గమనించండి: బ్రిటన్‌లో 2020 ఏప్రిల్ 14 నుంచి క్రెడిట్ కార్డుతో జూదం ఆడటం నిషిద్ధం. లేని డబ్బుతో ఆడకూడదన్న నియమం మీలాంటి వారికి ఏ ఇబ్బందీ కలిగించదు, మీరు ఎలాగూ మిగులులోంచే ఆడుతున్నారు. అడ్డు ఎవరికి తగులుతుందంటే, ఆ రాత్రి ఒంటిగంటకు లేచినవారికి. మంచి నియమానికి గుర్తు అదే అనుకుంటాను.

బోనస్ సంగతి ఎవరూ ఎత్తలేదు, కాబట్టి అదీ చెప్పి ఊరుకుంటాను. 100 యూనిట్ల బోనస్, 35 రెట్లు ఆడాలి అంటే 3,500 యూనిట్ల పందెం కాస్తేగాని దాన్ని బయటికి తీయలేరు. పంతులుగారి 4 శాతం పెడితే సగటు తరుగు 140. అరచేతిలో వైకుంఠం చూపించడమంటే ఇదే. వారానికి 450 స్పిన్లు ఆడే నిదానం గారు ఈ బోనస్ పుచ్చుకుంటే దాన్ని తీర్చడానికి ఎనిమిది వారాల ఆట కావాలి, గడువు మాత్రం చాలా చోట్ల నెల లోపే. బడ్జెట్ గల మనిషి చేత బడ్జెట్ దాటించడానికి ఇంతకన్నా మర్యాదైన మార్గం నేను చూడలేదు.

మెట్లదారి:

నన్ను అడిగారు కనుక చెబుతున్నాను. ఆ రెండు రోజుల్లో పోయినవి మొదటిసారి 255, రెండోసారి 511. మిగిలిన రోజుల్లో వచ్చినవి 640. ఇంతవరకు ఈ మూడు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూడలేదు. పద్ధతిలో లోపం ఉందని నేను ఇంకా అనడం లేదు, మెట్లు తగ్గించాలేమో చూస్తాను.

వానచినుకు:

మెట్లదారి గారు, అంకెలు దాచకుండా చెప్పినందుకు మెచ్చుకోవాలి. ఆ మాటకొస్తే నిదానం గారిని కూడా అదే అడగాలని ఉంది. మీరు ‘చాలా నెలలు గీత దాటలేదు’ అన్నారు. దాటిన నెలలు ఎన్ని? వాటిలో ఎంత పోయింది? మీ దగ్గర పుస్తకం ఉంది కదా, ఊహతో పని లేదు. నాకు పట్టింపు దాటడం గురించి కాదు. దాటిన ప్రతిసారీ నాలుగో గడిలో, ఏ స్థితిలో ఆపానన్న చోట, ఏం రాశారో తెలుసుకోవాలని.

నిదానం:

రెండు రోజులు ఆలస్యమైంది. పుస్తకం తీసి మొత్తం కూడాను.

36 నెలల్లో 29 నెలలు గీత లోపలే ఉన్నాను. ఆ 29 నెలల్లో కలిపి పోయినవి 2,180 యూనిట్లు, నెలకు 75. పంతులుగారు కాగితం మీద వేసిన 77కు ఇంత దగ్గరగా ఉంటుందని నేను అనుకోలేదు. మిగిలిన 7 నెలల్లో పోయినవి 3,940. అంటే మూడేళ్ళలో నేను పోగొట్టుకున్నదాంట్లో దాదాపు మూడింట రెండు వంతులు ఆ ఏడు నెలల్లోనే పోయింది. ‘చాలా నెలలు దాటలేదు’ అన్నది అబద్ధం కాదు, కాని మెట్లదారి గారి ‘రెండు రోజులు తప్ప’ లాంటి మాటే అది.

నాకు ఎక్కువ ఆశ్చర్యం కలిగించింది వేరే ఉంది. ఓడిపోయిన కోపంలో దాటి ఉంటాననుకున్నాను. ఏడింటిలో అయిదు నెలలు దాటింది మొదటి వారం గెలిచిన తర్వాత. గెలిచిన డబ్బు నాది కాదన్నట్టు, వాళ్ళ డబ్బుతోనే ఆడుతున్నట్టు అనిపించి పందెం 1 నుంచి 3కు, 5కు పెంచుకుంటూ పోయాను. అది అయిపోయాక కూడా పందెం కిందికి దిగలేదు. ఓటమికి గీత గీశాను, గెలుపుకు గీయలేదు.

లెక్కలపంతులు:

దానికి ‘ఇంటి సొమ్ము ప్రభావం’ అని పేరు ఉంది. ఇల్లు అంటే ఇక్కడ కాసినో. థేలర్, జాన్సన్ అనే ఇద్దరు 1990లో దాన్ని వివరించారు. గెలిచినవారు తెగించి కాస్తారని, ఓడినవారు మామూలుగా జంకుతారు గాని పోయినది మొత్తం ఒక్క దెబ్బలో తిరిగొచ్చే అవకాశం కనబడితే మళ్ళీ తెగిస్తారని వారు చూపించారు. వానచినుకు గారిది ఆ రెండోది, మీది మొదటిది. ఒకే బడ్జెట్ ఇద్దరికీ పనికిరాదు. మీకు కావలసింది గెలుపు రాగానే దాన్ని ఖాతాలోంచి బయటికి పంపే అలవాటు, పందేనికి కదలని పైకప్పు. ఆయనకు కావలసింది తలుపు మూసే తాళం.

వానచినుకు:

నాలుగో గడి సంగతి చెప్పలేదు.

నిదానం:

చెబుతాను. ఆ ఏడు నెలల్లో దాటిన రోజులు పదకొండు. పదకొండు చోట్లా నాలుగో గడి ఖాళీగా ఉంది. మూడు చోట్ల తీసుకెళ్ళినది కూడా పెన్సిల్‌తో రాసి ఉంది, మిగతా పుస్తకమంతా పెన్నుతోనే రాశాను. ఎందుకు పెన్సిల్ తీసుకున్నానో నాకు గుర్తు లేదు.

అందరి కాళ్ళకూ బంధం వేయకూడదన్న నా అభిప్రాయం అలాగే ఉంది. నా కాళ్ళకు మాత్రం నేనే వేసుకున్నాను: సైటులో డిపాజిట్ లిమిట్ కాక ఓటమి లిమిట్ పెట్టాను, నెలకు 100, పెంచాలంటే ఒక రోజు ఆగాలి. రెండో సైటులో ఉన్న ఖాతాను మూసేశాను. పుస్తకంలో టర్నోవర్ కోసం అయిదో గడి గీశాను. ఈ ఆదివారం 50 తీసుకెళ్ళాను, 460 యూనిట్ల పందెం నడిచింది, 33 మిగిలితే అప్పుడే విత్‌డ్రా పెట్టాను. నాలుగో గడిలో ‘అలారం మోగింది, ఇంకా ఆడాలనే ఉంది, ఆపాను’ అని పెన్నుతో రాశాను.